ఇంట్లో కాస్త చీకటి పడనివ్వండి

రాత్రి పదకొండు కావస్తోంది. మంచినీళ్లకని లేచి వంటింట్లోకి వెళ్తూ పిల్లల గదివైపు చూశాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల లైటు లేదు. కానీ మా చిన్నాడు ముసుగు పెట్టుకున్న దుప్పటి లోపలినుంచి వెలుగుతోంది. పల్చటి నూలు దుప్పటి అది. దాని మీది పూల అచ్చు నీలంగా మెరుస్తూ, ఉండుండి మసకబారుతూ, మళ్లీ మెరుస్తోంది. దుప్పటి తీస్తే ఫోను ముఖానికి జానెడు దూరంలో కూడా లేదు. వాడికి తొమ్మిదేళ్లు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, రెప్ప వాల్చడం లేదు.

"అమ్మా, ఇంకొక్కటే, ఇదే లాస్టు" అన్నాడు. మొండిగా అనలేదు, బతిమాలుతున్నట్టే అన్నాడు. నేను ఫోను లాక్కుంటుంటే ఇంకో మాట అన్నాడు. "నిద్ర రావట్లేదమ్మా, అందుకే చూస్తున్నా."

ఆ రాత్రి కోప్పడ్డాను. వాడు ఏడ్చాడు. ఇద్దరం పన్నెండు దాటాక గానీ పడుకోలేదు. తర్వాత చాలా రోజులు ఆ మాట నా చెవిలో తిరుగుతూనే ఉంది. వాడు అబద్ధం చెప్పలేదు. నిజంగానే నిద్ర రావడం లేదు. ఎందుకు రావడం లేదో వాడికి తెలియదు. నాకూ అప్పటికి సరిగ్గా తెలియదు.

నేను బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను. పొద్దున హాజరు పిలిచేటప్పుడే తెలిసిపోతుంది, ఏ బిడ్డ రాత్రి సరిగ్గా పడుకోలేదో. పేరు పిలిస్తే ఒక క్షణం ఆగి పలుకుతారు. పదింటికల్లా చిన్న విషయానికే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. లెక్క రాక కాదు, ఓపిక లేక తప్పు చేస్తారు. అలాంటి పిల్లల అమ్మానాన్నలతో మాట్లాడుతూ, మా ఇంట్లో మేము పడ్డ తిప్పలు తలుచుకుంటూ, చదివి తెలుసుకున్నది కొంత కలిపి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన తల లోపల, మెదడు నడిమధ్యన కందిగింజంత గ్రంథి ఒకటి ఉంది. పీనియల్ గ్రంథి అంటారు. పొద్దు గూకి వెలుగు తగ్గాక అది మెలటోనిన్ అనే రసాయనాన్ని నెత్తురులోకి వదులుతుంది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే వైద్యుడు దాన్ని వేరుచేసి చూపించాడు. దీన్ని చాలామంది నిద్రమాత్రలాంటిది అనుకుంటారు. నాకైతే పూర్వం ఊళ్లో తప్పెట కొట్టి వేసే చాటింపు గుర్తొస్తుంది. చీకటి పడింది, ఇక పనులు కట్టిపెట్టండి అని ఒంట్లోని ప్రతి అవయవానికీ కబురు అందిస్తుంది. ఆ కబురు అందాక ఒంటి వేడి కొద్దిగా తగ్గుతుంది, ఆవులింతలు మొదలవుతాయి, కళ్లు బరువెక్కుతాయి.

మరి చీకటి పడిందని ఆ గ్రంథికి ఎలా తెలుస్తుంది? కంటి ద్వారానే. మన కంటి వెనక పొరలో చూపుతో దాదాపు పనిలేని కణాలు కొన్ని ఉన్నాయి. బొమ్మలు చూపించడం వాటి పని కాదు, బయట పగలా రాత్రా అని మెదడుకు చెప్పడమే వాటి పని. వాటిలో ఉండే మెలనాప్సిన్ అనే పదార్థాన్ని మొదట 1998లో కప్ప చర్మంలో కనిపెట్టారు. మన కళ్లలోనూ అదే ఉందని తర్వాత తేలింది. ఈ కణాలు తమంతట తామే వెలుగును పసిగట్టగలవని శాస్త్రవేత్త డేవిడ్ బెర్సన్ బృందం 2002లో నిరూపించింది. ఇవి అన్ని రంగుల వెలుగుకూ ఒకేలా స్పందించవు. నీలికాంతి అంటే వీటికి మహా చురుకు. పగటి ఆకాశం నీలంగా ఉంటుంది కాబట్టి నీలికాంతి తగిలితే ఇంకా పగలే అని లెక్కేసుకుంటాయి. దీపం వెలుగు, పొయ్యి మంట, సాయంత్రపు ఎర్రెండ వీటిని అంతగా కదిలించవు.

ఫోను, ట్యాబ్, ఎల్ఈడీ టీవీ తెరల నుంచి వచ్చే తెల్లటి వెలుగులో నీలికాంతి పాలు ఎక్కువ. తెల్లని ఎల్ఈడీలు చాలావరకు ఒక నీలి ఎల్ఈడీ మీద పసుపు పూత వేసి తయారు చేసేవే. ఆ నీలి ఎల్ఈడీని సాధించినందుకే జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. కరెంటు ఎంతో ఆదా అయింది, అది మేలే. కానీ రాత్రి పది గంటలకు పిల్లాడి ముఖం మీద ఆ వెలుగు పడుతుంటే కంటిలోని కణాలు మెదడుకు పగలే అని చెబుతాయి. చాటింపు ఆలస్యమవుతుంది. దుప్పటి కింద నా కొడుక్కి నిద్ర రాకపోవడానికి అదొక కారణం.

ఈ విషయంలో పిల్లలు మనలాంటి వాళ్లు కారు. వాళ్ల కంటి కటకం తేటగా ఉంటుంది, కంటిపాప మనకంటే పెద్దగా విచ్చుకుంటుంది. వెలుగు లోపలికి ఎక్కువగా పోతుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లల మీద చేసిన పరీక్ష ఒకటి నా మనసులో నిలిచిపోయింది. పిల్లల ఇళ్లకే వెళ్లి, కిటికీలకు నల్లటి ప్లాస్టిక్ కట్టి, బల్బులు మార్చి, ఇంటిని గుహలా మసకచీకటి చేశారు. తర్వాత ఒక రోజు పడుకోబోయే ముందు గంటసేపు వెలుగు బల్ల మీద బొమ్మలకు రంగులు వేయించారు. మెలటోనిన్ సుమారు 90 శాతం పడిపోయింది. లైటు తీసేసిన 50 నిమిషాలకు కూడా ఎక్కువమంది పిల్లల్లో అది మళ్లీ పుంజుకోలేదు. 2018లో ఇది అచ్చయింది. నాలుగేళ్ల తర్వాత అదే విశ్వవిద్యాలయం వాళ్లు 36 మంది పిల్లలను పరీక్షించి, అతి మసక వెలుగులో కూడా, అంటే 5 నుంచి 40 లక్సుల వెలుగులో కూడా, సగటున 78 శాతం తగ్గుతోందని చూశారు. లక్స్ అంటే వెలుగు కొలత. మన హాల్లో ట్యూబ్‌లైటు కింద సాధారణంగా వంద లక్సులకు పైమాటే ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. నీలికాంతి ఒక్కటే దోషి అని నేను అనను. బోస్టన్‌లో పన్నెండు మంది పెద్దవాళ్లకు వరసగా ఐదు రాత్రులు, నాలుగేసి గంటలు ట్యాబ్ ఇచ్చి చదివించారు. అచ్చు పుస్తకం చదివిన రాత్రులకంటే నిద్ర పట్టడానికి పది నిమిషాలు ఎక్కువ పట్టింది, మెలటోనిన్ గంటన్నర వెనక్కి జరిగింది. పది నిమిషాలే కదా అనిపిస్తుంది. మన పిల్లలు పోగొట్టుకునేది గంట, రెండు గంటలు. మిగతాది ఎటు పోతోంది? ఒక వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. ఆటలో ఓడిపోతే కసి, గెలిస్తే హుషారు. పదో తరగతి అమ్మాయికైతే స్నేహితురాలు పెట్టిన మెసేజ్‌కి జవాబు ఇవ్వకపోతే రేపు బడిలో ఏమనుకుంటుందో అన్న బెంగ. 2024లో అమెరికా నేషనల్ స్లీప్ ఫౌండేషన్ పదహారు మంది నిపుణులను కూర్చోబెట్టి అడిగితే, తెరలు పిల్లల నిద్ర చెడగొడుతున్నాయని, పడుకునే ముందు వాళ్లు ఏం చూస్తున్నారన్నది కూడా ముఖ్యమేనని ఒప్పుకున్నారు. నీలికాంతి వాటా ఎంత అన్న దగ్గర మాత్రం అందరూ ఒక్కమాట మీదికి రాలేదు. వెలుగు ఒకవైపు, చూసే బొమ్మ ఇంకోవైపు పిల్లాడి నిద్రను లాగుతున్నాయి. ఒకదాన్నే సరిచేసి రెండోదాన్ని వదిలేస్తే మన కష్టం సగం వృథా.

అందుకే "మా ఫోన్లో నైట్ మోడ్ పెట్టేశాం టీచర్, ఇంక భయం లేదు" అని ఎవరైనా అంటే నాకు దిగులేస్తుంది. నైట్ లైట్, నైట్ షిఫ్ట్ అని ఫోన్లలో ఉండే ఆ ఏర్పాటు తెరను పసుపు రంగులోకి మారుస్తుంది. పెట్టుకోండి, నష్టం లేదు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే దగ్గర ఉంటుంది, సాయంత్రం ఆరున్నరకు దానంతటదే వచ్చేలా ఒకసారి పెడితే చాలు. దానికంటే ముందు బ్రైట్‌నెస్ బాగా తగ్గించండి, అది ఇంకా పనికొస్తుంది. కానీ పద్దెనిమిది నుంచి ఇరవైనాలుగేళ్ల వయసున్న 167 మందితో అమెరికాలో చేసిన పరిశీలనలో నైట్ షిఫ్ట్ పెట్టుకున్నవాళ్లూ పెట్టుకోనివాళ్లూ ఒకేలా పడుకున్నారని 2021లో తేలింది. పసుపు తెర మీద చూసినా ఆట ఆటే, వీడియో వీడియోనే.

బ్లూ కట్ కళ్లజోళ్ల మాట కూడా చెబుతాను. కళ్లద్దాల షాపులో లెన్స్ మీద నీలి టార్చి కొట్టి చూపిస్తారు, వెలుగు అవతలికి పోదు, మనకు నమ్మకం కుదురుతుంది. వెయ్యో రెండువేలో ఎక్కువ కడతాం. 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ పదిహేడు పరీక్షలను ఒకచోట చేర్చి చూసింది. తెర చూసేటప్పుడు కళ్లు అలిసిపోవడం ఈ అద్దాలవల్ల తగ్గే అవకాశం తక్కువని చెప్పింది. నిద్రకు మేలు చేస్తాయా అంటే ఖాయంగా చెప్పడానికి ఆధారాలు చాలవంది. బిడ్డకు సైటు ఉంటే అద్దాలు తప్పకుండా పెట్టించండి. నిద్ర కోసమని మాత్రం ఆ ఖర్చు పెట్టకండి. ఆ డబ్బుతో ఏం కొనాలో చెబుతాను.

పసుపు వెలుగు బల్బు కొనండి.

మనం ఫోను గురించే మాట్లాడుకుంటున్నాం గానీ తల ఎత్తి పైకి చూడటం లేదు. మా చిన్నతనంలో హాల్లో అరవై క్యాండిల్ బల్బు ఒకటి ఉండేది. దాని వెలుగు వెన్న కాచిన నెయ్యి రంగులో ఉండేది. తర్వాత ట్యూబ్‌లైట్లు వచ్చాయి. 2015లో కేంద్రం ఉజాలా పథకం పెట్టి ఎల్ఈడీ బల్బులు చవగ్గా ఇచ్చాక కోట్ల ఇళ్లలో అవే వెలుగుతున్నాయి. ఇప్పుడు మన ఇళ్లలో గోడ పొడవునా ఎల్ఈడీ ట్యూబ్‌లైటు, అదీ తెల్లగా సున్నం కొట్టినట్టుండే వెలుగు. తెల్లగా ఉంటేనే ఇల్లు కళకళలాడుతుందని మన నమ్మకం. బల్బు అట్టపెట్టె ఒకసారి తిరగేసి చూడండి. 6500K అని ఉంటుంది. పక్కన కూల్ డే లైట్ అని కూడా ఉంటుంది. డే లైట్ అంటే పగటి వెలుగే కదా. కొన్నవాళ్లం మనమే, పెట్టె మీద రాసినదాన్ని చదవలేదంతే. అదే షాపులో 2700K, 3000K బల్బులు కూడా దొరుకుతాయి, వార్మ్ వైట్ అని అడిగితే ఇస్తారు. ఆ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపెక్కుతుంది, నీలికాంతి పాలు తగ్గుతుంది.

చీకటి గదిలో ఫోను చూసే పిల్లాడి కంటికి చేరేదానికంటే, తెల్ల ట్యూబ్‌లైటు కింద కూర్చున్న పిల్లాడి కంటికి చేరే వెలుగే మామూలుగా ఎక్కువ. ఫోను తీసి దాచేసి, పిల్లాణ్ణి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆ లైటు కింద కూర్చోబెట్టి, పడుకో పడుకో అని అరిస్తే వాడు ఎలా పడుకుంటాడు? మా ఇంట్లో హాల్లో ఒకటి, పిల్లల గదిలో ఒకటి, తొమ్మిది వాట్ల వార్మ్ బల్బులు రెండు పెట్టించాం. ఎనిమిదింటికి భోజనాలు కాగానే ట్యూబ్‌లైట్లు ఆపేస్తాం. మొదటి రెండు రోజులు మా అత్తయ్యగారు "ఇల్లంతా గుడ్డిదీపం పెట్టినట్టుందేంటమ్మా" అన్నారు. మూడో రోజు నుంచి ఆవిడే ముందుగా లేచి స్విచ్ ఆపేవారు. కళ్లకు హాయిగా ఉందని ఆవిడ అన్న మాట. పెద్దవాళ్లు తూలి పడకుండా బాత్రూమ్ దారిలో చిన్న లైటు మాత్రం ఉంచాం. జీరో బల్బు పెట్టే అలవాటుంటే నీలం, ఆకుపచ్చ రంగువి మానేసి ఎరుపో నారింజో తెచ్చుకోండి. నీలి జీరో బల్బు చల్లగా, అందంగా ఉంటుందని పిల్లల గదిలోనే పెడుతుంటాం. ఆ గదికే అది వద్దు.

ఇక ఫోను. మూడేళ్ల లోపు బిడ్డ ఉన్న ఇళ్లలో చాలాచోట్ల ఒకటే దృశ్యం. గ్లాసుకు ఆనించి ఫోను, ఎదురుగా బిడ్డ, నోరు తెరిచినప్పుడల్లా ముద్ద పెడుతూ అమ్మ. ఫోను పెడితేనే తింటాడండీ అంటారు. ఆ అమ్మను నేను తప్పుపట్టను. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, ఆ నాలుగు ముద్దలు కడుపులో పడితే చాలనుకుంటుంది. కానీ రాత్రి భోజనం అంటే పడుకోబోయే ముందు గంటే. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్లవాళ్లకు రోజంతా కలిపి గంట మించకూడదని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెబుతోంది. ఒక్కసారిగా మాన్పించలేకపోతే ముందు రాత్రి భోజనం దగ్గర మాన్పించండి. పగటి భోజనం సంగతి తర్వాత చూసుకోవచ్చు. బాల్కనీలోకో మెట్ల మీదికో ఎత్తుకెళ్లి, వీధిలో కుక్కపిల్లను చూపిస్తూ పెట్టండి. ముద్దలు తగ్గుతాయి, రెండు మూడు రోజులు తగ్గనివ్వండి. ఆకలేస్తే బిడ్డ అడుగుతాడు.

బడి పిల్లల విషయంలో లెక్క వేసి చూస్తే గుండె గుభేలుమంటుంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలని, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవాళ్లకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. బస్సు ఏడుంబావుకు వస్తే పిల్లాడు ఆరింటికి లేవాలి. కనీసం తొమ్మిది గంటలు అంటే రాత్రి తొమ్మిదికి నిద్రలో ఉండాలి. మన ఇళ్లలో తొమ్మిదికి ఇంకా సీరియల్ నడుస్తుంటుంది, సగం ఇళ్లలో భోజనాలే అవ్వవు. పిల్లాడి ఫోను కంటే ముందు మన భోజనాల వేళ జరపాలి. ఏడున్నర, ఎనిమిదికల్లా తినేయడం కష్టమే, ముఖ్యంగా నగరంలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చే తండ్రికి. పిల్లలకు ముందు పెట్టేయండి. అందరం కలిసి తినడం ఆదివారానికి ఉంచుకోండి.

మా ఇంట్లో మేము పెట్టుకున్న పద్ధతి చెబుతాను. హాల్లో టీవీ కింద అరలో చార్జింగ్ పాయింటు ఉంది. ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ అక్కడికి చేరతాయి. అన్నీ అంటే నాదీ, మా వారిదీ కలిపి. మొదట పిల్లల ఫోను ఒక్కటే పెట్టించాం. నాలుగు రోజులు పోట్లాట. ఐదో రోజు మా పెద్దమ్మాయి ఏమీ అనకుండా వాళ్ల నాన్న వైపు చూసింది. ఆయన పక్క మీద వాలి ఫోన్లో వార్తలు చూస్తున్నారు. ఆయన లేచి వెళ్లి తన ఫోను కూడా అరలో పెట్టి వచ్చారు. ఆ తర్వాత గొడవ చాలా తగ్గింది. అలారం కోసం ఫోను దగ్గర ఉండాలి అంటారు కదా, మూడొందలు పెడితే గుండ్రటి అలారం గడియారం వస్తుంది. రాత్రి ఎవరికైనా బాగోలేక ఫోను వస్తుందేమో అన్న భయం ఉంటే రింగ్ సౌండు పెంచి హాల్లోనే ఉంచండి. మోగితే వినిపిస్తుంది.

వేళ కూడా ఒక్కరోజులో మార్చలేదు. పదకొండింటికి పడుకునేవాణ్ణి తొమ్మిదికి పక్క మీద పడుకోబెడితే రెండు గంటలు దొర్లుతాడు, పక్క అంటేనే విసుగు పుడుతుంది. మూడు నాలుగు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు జరిపాం. నెల పట్టింది. ఆ ఫోను లేని గంటలో ఏం చేయాలన్నదే అసలు సమస్య. ఖాళీగా కూర్చోబెడితే ఏ పిల్లాడైనా ఫోను అడుగుతాడు. మా చిన్నాడు రేపటి బ్యాగు సర్దుకుంటాడు, మంచినీళ్ల సీసాలు నింపుతాడు. గోరువెచ్చని నీళ్లతో స్నానం. తర్వాత వాళ్ల నాయనమ్మ దగ్గర చేరతాడు. ఆవిడకు కథలు ఓ పది మాత్రమే వచ్చు. అవే తిప్పి తిప్పి చెబుతారు. వాడికి తెలిసిన కథే, ఎక్కడ ఏమవుతుందో వాడే ముందు చెప్పేస్తాడు. అదే మంచిదని నాకు అనిపిస్తుంది. తర్వాత ఏమవుతుందో అన్న ఉత్కంఠ లేని కథ వింటూనే పిల్లలు నిద్రలోకి జారతారు. కథలు చెప్పే పెద్దవాళ్లు ఇంట్లో లేకపోతే మీ చిన్ననాటి ముచ్చట్లు చెప్పండి. మీ బడి, మీరు చెరువులో పడబోయిన రోజు, మీ అన్నయ్యతో తగువు. పిల్లలకు అంతకంటే ఇష్టమైనవి లేవు.

అమెరికాలో ఉన్న మన పిల్లల పిల్లల సంగతి వేరు. డాలస్‌లో వేసవిలో రాత్రి ఎనిమిదైతే ఇక్కడ మర్నాడు పొద్దున ఆరున్నర. అమ్మమ్మ కాఫీ తాగి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, మనవడి ముఖం చూద్దామని వీడియో కాల్ చేస్తుంది. అక్కడ బిడ్డ పడుకునే వేళ అది. మనవడు తెర ముందు గెంతులేస్తాడు, ఇక పదింటిదాకా పడుకోడు. ఆ అమ్మమ్మను కాల్ చేయొద్దని ఎవరు చెప్పగలరు? వారంలో రోజూ కాకుండా శని, ఆదివారాల్లో వాళ్ల పొద్దుటి పూట చేసుకుంటే ఇక్కడ సాయంత్రం అవుతుంది, తాతయ్య కూడా తీరిగ్గా ఉంటారు. తప్పక రాత్రే చేయాల్సివస్తే వీడియో ఆపి మాటలే వినిపించండి. అమ్మమ్మ గొంతుతో కథ వింటూ పడుకున్న బిడ్డకు నష్టమేమీ లేదు.

టీనేజీ పిల్లల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే అక్కడ మనం అన్యాయం చేస్తున్నాం. ఈడు వచ్చే వయసులో నిద్ర వేళలను నడిపే ఒంట్లోని గడియారమే గంట, రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. వాళ్లకు పదిన్నర దాకా నిద్ర రాకపోవడం, పొద్దున లేవలేకపోవడం బద్ధకం కాదు. దాని మీద ఫోను వెలుగు పడితే పదిన్నర పన్నెండున్నర అవుతుంది. ఇంటర్ పిల్లలకైతే తెల్లవారుజామునే స్టడీ అవర్లు, ఆన్‌లైన్ టెస్టులు, పీడీఎఫ్ నోట్సులు. తెర లేకుండా చదువే లేదంటారు, నిజమే. అప్పుడు క్రమం మార్చమనండి. తెర మీద చేయాల్సినవన్నీ సాయంత్రం ముందుగా, పుస్తకం చూసి చదివేవి, కాగితం మీద చేసే లెక్కలు చివరగా. చదివింది జ్ఞాపకంలో కుదురుకునేది నిద్రలోనే. పరీక్ష ముందు రోజు రాత్రి రెండింటిదాకా కూర్చోబెట్టే తల్లిదండ్రులకు ఈ ఒక్క మాట చేతులు జోడించి చెబుతున్నాను. ఈ వయసు పిల్లల చేతిలోంచి ఫోను లాక్కోకండి. కూర్చోబెట్టి, మెలటోనిన్ గురించి, కంటిలోని ఆ కణాల గురించి చెప్పండి. వాళ్లకు సైన్సు అర్థమవుతుంది. ఏ వేళకు ఫోను పక్కన పెట్టాలో వాళ్లనే చెప్పమనండి. వాళ్లు చెప్పిన వేళ మీరు అనుకున్నదానికంటే అరగంట ఆలస్యమైనా ఒప్పుకోండి.

తోటి ఉపాధ్యాయులకూ ఒక విన్నపం. రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో హోంవర్క్ పెడితే ప్రతి ఇంట్లో ఒక ఫోను పిల్లాడి చేతికి వెళుతుంది. సాయంత్రం ఆరులోపే పెట్టేద్దాం.

రాత్రి గురించి ఇంత చెప్పి పొద్దున గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఒంట్లోని గడియారానికి కీ ఇచ్చేది ఉదయపు వెలుగు. 2013లో కొలరాడోలోనే ఎనిమిది మందిని వారం రోజులు కొండల్లో గుడారాల్లో ఉంచారు. ఫోను లేదు, టార్చి కూడా లేదు. పగలు ఎండ, రాత్రి చలిమంట. వారం తిరిగేసరికి వాళ్ల మెలటోనిన్ వేళ సుమారు రెండు గంటలు ముందుకు జరిగింది. మన పిల్లలను గుడారాల్లో ఉంచలేం. కానీ డాబా మీదికి పంపగలం. గదిలో ఎంత లైటు వేసినా కొన్ని వందల లక్సులే, బయట మబ్బు పట్టిన రోజు కూడా వేలల్లో ఉంటుంది, ఎర్రటి ఎండలో లక్ష దాకా. పొద్దున పళ్లు తోముకోవడం డాబా మీద, తులసికోటకు నీళ్లు పోయడం పిల్లాడి వంతు, బస్సు కోసం నీడలో కాకుండా లేత ఎండలో నిలబడటం, ఇవన్నీ కలిపితే ఇరవై నిమిషాలు అవుతాయి. సాయంత్రం ఓ గంట వీధిలో ఆడనివ్వండి. పగలు బాగా వెలుగు తగిలిన కళ్లు రాత్రి వెలుగుకు అంత తొందరగా బెదరవని కూడా పరిశోధనలు చెబుతున్నాయి.

ఇవన్నీ చేసినా నెలరోజులకు కూడా బిడ్డ నిద్రపోకపోతే, లేదా గట్టిగా గురక పెడుతుంటే, నోటితో ఊపిరి తీస్తుంటే, నిద్రలో కాళ్లు విసురుతుంటే అది తెర సమస్య కాకపోవచ్చు. పిల్లల డాక్టరుకు చూపించండి. మెలటోనిన్ జెల్లీ బిళ్లలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. డాక్టరు చెప్పకుండా మీ అంతట మీరు కొని బిడ్డకు పెట్టకండి.

మా చిన్నాడు ఇప్పుడు తొమ్మిదింబావుకల్లా పడుకుంటున్నాడు. అన్ని రోజులూ కాదు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి పదిన్నర అవుతుంది, పండక్కి బంధువులొస్తే పన్నెండు. మర్నాడు మళ్లీ దారిలో పెడతాం, అంతే. ఈమధ్య ఒక రాత్రి కరెంటు పోయింది. కిటికీలోంచి పక్క డాబా మీది వెన్నెల వాడి దుప్పటి మీద పడింది. అదే పూల దుప్పటి. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగేసరికి వాడు నిద్రలో ఉన్నాడు.

ఈ రాత్రికి ఫోను గురించి పిల్లలతో ఏమీ మాట్లాడకండి. భోజనాలయ్యాక మీ హాల్లో ట్యూబ్‌లైటు ఒక్కటి ఆపండి, మీ ఫోను మీరు తీసుకెళ్లి చార్జింగ్‌లో పెట్టి వచ్చి పిల్లల పక్కన కూర్చోండి. రేపు ఆ బల్బు పెట్టె మీద అంకె చూడటం మర్చిపోకండి.